నాలుగో బల్ల దగ్గర ఎర్ర దారం

లాండ్రీలో ఆవిరి మిషను దగ్గర ఇరవై రెండేళ్ళు నిలబడ్డ మనిషికి పేరుతో పనేముంటుంది? అందరికీ ఆమె ఆవిరత్త. మిషను మూత ఎత్తగానే లేచే ఆవిరికీ, ఆమె నోరు తెరవగానే వచ్చే మాటకీ వేడిలో పెద్ద తేడా లేదని బుట్టలు తోసే బావ అనేవాడు. అతను ఎవరికీ బావ కాడు. పనివాళ్ళలో ఆడవాళ్ళందర్నీ మరదళ్ళలా ఆటపట్టిస్తాడని ఆ పేరు వచ్చింది. అతని వేళాకోళానికి ఆవిరత్త ఏనాడూ నవ్వలేదు గానీ, మధ్యాహ్నం తన గిన్నె మూతలో అతనికి కాస్త కూర తీసి పెట్టేది. ఆమె ప్రేమంతా అలా మూతల్లోనే ఉండేది.

ఆ లాండ్రీకి బట్టలు మూడు పెద్ద చోట్ల నుంచి వచ్చేవి. కంటి ఆసుపత్రి, ఆడపిల్లల హాస్టలు, స్టేషను పక్క లాడ్జి. ఎక్కడివైనా తెల్ల దుప్పట్లే, తెల్ల దిండు గలీబులే. సిరాతో గుర్తు పెడితే సోడానీళ్ళలో నాలుగు ఉడుకులకి పోతుంది. అందుకని ప్రతి బట్టకీ ఒక మూల, లోపలివైపు, రంగు దారంతో రెండు కుట్లు వేస్తారు. ఎరుపు ఆసుపత్రిది, నీలం హాస్టలుది, ఆకుపచ్చ లాడ్జిది. తెలియనివాళ్ళ కంటికి ఎవరో కుట్టడం మొదలుపెట్టి విసుగొచ్చి వదిలేసినట్టు ఉంటుంది. తెలిసినవాళ్ళకి అదే ఆ బట్ట చిరునామా. ఉతికి ఆరిన గుట్టల్లోంచి ఆ దారం చూసి ఎవరివి వారికి వేరుచేసి మడతపెట్టే చోటు నాలుగో బల్ల.

ఆ బల్ల దగ్గర పనిచేసే ముసలావిడ మోకాళ్ళు అరిగి మానేసింది. ఆ చోటు తన చెల్లెలి కూతురిదేనని ఆవిరత్త అప్పటికే చెల్లెలికి మాటిచ్చింది. ఆ పిల్లకి మాత్రం పెద్ద మోజేమీ లేదు. "పెద్దమ్మా, ఆ ఆవిరిలో నా జుట్టు పీచయిపోతుంది" అంది ఒకసారి. "జుట్టు సంగతి నేను చూసుకుంటాలే, ముందు ఉద్యోగం రానీ" అంది ఆవిరత్త.

సరిగ్గా అప్పుడే వార్డు సంఘంవాళ్ళు తోడు పథకం పెట్టారు.

ఆ ఏడాది ఎక్కడో యుద్ధం జరుగుతుంటే కట్టుబట్టలతో బయటపడ్డ కాందిశీకులు కొన్ని వందల మంది ఊళ్ళోకి వచ్చారు. పాత గోదాములో అట్టలతో గదులు కట్టి వాళ్ళనందులో ఉంచారు. ఆదివారాలు వార్డు హాల్లో వాళ్ళకి క్లాసులు జరిగేవి. బస్సు ఎలా ఎక్కాలి, ఫారం ఎలా నింపాలి, ఆసుపత్రిలో ఏం చెప్పాలి, ఇరుగుపొరుగుతో ఎలా మాట్లాడాలి. ఆ తర్వాత ఒక్కొక్కరినీ ఒక్కో చోట మూడు నెలలు పనిలో పెట్టి, అక్కడి పాత మనిషినొకరిని తోడుగా ఉంచుతారు. మూడు నెలలయ్యాక ఆ తోడే ఫారం మీద 'పనికొస్తుంది' అనో 'పనికిరాదు' అనో రాయాలి. పనికొస్తే ఉద్యోగం ఖాయం, ఊళ్ళో ఒక గది వస్తుంది. పనికిరాకపోతే మళ్ళీ గోదాముకే, వరసలో అందరికంటే వెనక్కి.

లాండ్రీ యజమాని సంఘంలో మెంబరు. కుర్రతనం పోని మనిషి, తండ్రి నుంచి లాండ్రీ వచ్చి నాలుగేళ్ళే అయింది. "ఆవిరత్తా, నాలుగో బల్లకి ఒకామె వస్తోంది. తోడు మీరే" అన్నాడు.

గోరుచుట్టు మీద రోకటి పోటంటే ఇదే. చోటు పోవడం ఒకటి, పోగొట్టినదానికి పని నేర్పడం ఇంకొకటి. ఆ సాయంత్రం బస్‌స్టాపులో ఆడవాళ్ళదీ అదే మాట. "వాళ్ళకి నేర్పడానికి మనుషుల్ని పెడతారు. మన పిల్లలకి ఎవరు పెట్టారమ్మా?" ఆవిరత్త తలూపింది. మామూలుగా బస్‌స్టాపు కబుర్లకి ఆమె తలూపదు.

వచ్చినామెకి ముప్పై అయిదేళ్ళుంటాయి. పొడుగు మనిషి, ముఖంలో నవ్వు లేదు. గోదాములో తల్లి ఉంది, మంచం మీద. సంఘం తరఫున వెంట వచ్చిన రిజిస్టరమ్మ ఆమె ఇదివరకు బట్టల ఫ్యాక్టరీలో పనిచేసిందని చెప్పబోయింది. ఎప్పుడూ చంకలో రిజిస్టరుంటుందని లాండ్రీవాళ్ళు ఆమెకి పెట్టిన పేరది. ఆవిరత్త వినిపించుకోలేదు. "ఫ్యాక్టరీ అయితే ఏంటి, మహల్ అయితే ఏంటి. ఇక్కడ మడతలు" అంది.

కొత్తామెకి మన మాటలు నూరో నూటయాభయ్యో వచ్చు. క్లాసులో మర్యాద కోసం నేర్పిన 'అండి'ని అన్నింటికీ తగిలించేది. "బుట్టండి" అనేది, "వేడండి" అనేది. బావ మురిసిపోయి "చూశారా, మన బుట్టలకి కూడా గౌరవం వచ్చింది" అన్నాడు. మిగిలినవాళ్ళు నవ్వారు. ఆమె ఎందుకు నవ్వారో తెలుసుకోవాలని ఒక్కొక్కరి ముఖం చూసి, తెలుసుకున్నాక మళ్ళీ చూడలేదు. భోజనాల వేళ బల్ల చివర ఒక్కతే కూర్చునేది. జరిగి చోటిచ్చినవాళ్ళెవరూ లేరు.

ఆవిరత్త పని నేర్పింది. అబద్ధమెందుకు, బాగానే నేర్పింది. దుప్పటి ఇద్దరు పట్టి ఎలా విదిలించాలో, గలీబు మడతలో గాలి లేకుండా ఎలా నొక్కాలో చూపించింది. గుట్టలు వేరుచేసే పని మాత్రం తన చేతిలోనే ఉంచుకుని, వేరుచేసినవి ఆమె ముందు పడేసేది.

పదకొండో రోజున కొత్తామె ఒక దుప్పటి మూల పైకెత్తి, ఎర్ర కుట్టు మీద వేలుపెట్టి అడిగింది.

"ఇదేంటండి?"

"అది నీకెందుకు? మడతపెట్టు."

ఆమె ఇంకో క్షణం వేలు అక్కడే ఉంచింది. తర్వాత మడతపెట్టింది.

ఆ వారమే ఫారంలో 'తోడు నేర్పినవి' అన్న వరసలు నింపాల్సి వచ్చింది. విదిలించడం, మడత, మూట కట్టడం, గుర్తులు. ఆవిరత్త నాలుగింటికీ టిక్కు పెట్టేసింది. ఎక్కడో ఒకచోట కాలు జారకపోదు, ఆ జారేదేదో తన చేత్తో తోసినట్టు ఉండకూడదు, అంతే ఆమె లెక్క. ఇంటికి వెళ్ళి చెల్లెలితో "ఇంకో రెండు నెలలు ఓపిక పట్టు" అంది.

మూడో నెల ఆఖర్లో ఆవిరత్తకి జ్వరమొచ్చి రెండు రోజులు రాలేదు. ఆ రెండు రోజులూ ఉతికి ఆరినవి నాలుగో బల్ల దగ్గర గుట్టపడ్డాయి. మూడో రోజు పొద్దున ఆమె వచ్చేసరికి బల్ల మీద తెల్లటి దొంతర, దాని పక్కన చిన్న గిన్నెలో రంగురంగుల దారప్పోగులు. ఎరుపు, నీలం, ఆకుపచ్చ.

కొత్తామె చేతిలో బొటనవేలంత కత్తెర ఉంది. మూడు వందల పైచిలుకు బట్టలు. ఒక్కదాని మీద కూడా గుర్తు లేదు.

ఆమె పాత ఫ్యాక్టరీలో చేసిన పనే అది. కుట్టి వచ్చిన బట్టల మీద మిగిలిపోయిన పోగులు కత్తిరించడం. అక్కడ ఒక్క రంగు పోగు వదిలేసినా బట్ట వెనక్కొచ్చేది, మాట పడాల్సొచ్చేది. తోడు లేని రెండు రోజుల్లో ఊరికే కూర్చుందని ఎవరూ అనకూడదని, ఇన్నాళ్ళూ కళ్ళలో గుచ్చుకుంటున్న ఆ పోగులన్నీ శుభ్రం చేసి పెట్టింది.

బావ బుట్ట వదిలేసి తల పట్టుకున్నాడు. యజమాని పరిగెత్తుకొచ్చాడు. రెండింటికి ఆసుపత్రి బండి వస్తుంది. లాడ్జి దుప్పటి ఒక్కటి ఆసుపత్రి మంచం మీద పడినా ఆ ఖాతా పోయినట్టే.

"గుర్తుల సంగతి ఈమెకి ఎవరూ చెప్పలేదా?" అన్నాడు.

ఆవిరత్త తేలు కుట్టిన దొంగలా నిలబడింది. యజమాని ఫారం తీసి చూశాడు. గుర్తులకి ఎదురుగా టిక్కు ఉంది.

"చెప్పినా ఇలా చేసిందన్నమాట. మీరేం చేస్తారు పాపం." జేబులోంచి పెన్ను తీసి ఆమె చేతికిచ్చాడు. "సాయంత్రం రిజిస్టరమ్మ వస్తుంది. పనికిరాదని రాసెయ్యండి."

మూడు నెలలుగా ఆమె ఎదురుచూసిన పెన్ను అది. నోట్లో పడ్డ వెన్నముద్దలా ఉండాల్సింది. సున్నంలా ఉంది.

కొత్తామె అందరి ముఖాలూ, గిన్నెలోని దారాలూ చూసింది. ఏం చేసిందో అప్పుడే అర్థమైనట్టుంది. కత్తెర బల్ల మీద పెట్టి, మడతపెట్టిన దొంతర మొత్తం విప్పి లాగడం మొదలుపెట్టింది.

"ఉన్నది కూడా చెడగొడుతోంది, చూడండి" అని ఆవిరత్త వెళ్ళి ఆమె మణికట్టు పట్టుకుంది. కొత్తామె ఆ చెయ్యిని ఈగని తోలినట్టు తోసేసింది. లాండ్రీలో ఆవిరత్త చెయ్యి తోసినవాళ్ళు అంతకుముందు లేరు.

కొత్తామె దుప్పటి అంచు పట్టుకుని, వేళ్ళ మధ్య కొసదాకా నడిపి, ఒక పక్క వేసింది. ఇంకోటి ఇంకో పక్క. కాసేపటికి అందరికీ తెలిసింది. ఆసుపత్రి దుప్పట్ల అంచు సన్నగా, రెండు మడతలు వేసి దగ్గర దగ్గర కుట్లతో ఉంది. హాస్టలువాటికి వెడల్పు మడత, వదులు కుట్టు. లాడ్జివాళ్ళు గుడ్డ తాను చింపి ఒక వైపు కుట్టనే లేదు. ఇరవై రెండేళ్ళు ఆ బట్టల మీద చేతులు పెట్టిన ఆవిరత్త ఆ అంచుల్ని ఒక్కసారీ చూడలేదు. దారం ఉండగా అంచుతో పనేముంది?

తప్పు దొరక్కపోతుందా అని ఆమె కళ్ళజోడు పెట్టుకుని వెనకే నిలబడింది. కత్తిరించిన చోట సూది బెజ్జంలో ఇంకా నూగంత దారం మిగిలి ఉంది. దాన్ని వెతికి ఒక్కొక్కటీ సరిచూసింది. ఎర్ర నూగు ఎర్ర గుట్టలోనే. నీలం నీలంలోనే. వంద దాటాయి, రెండు వందలు దాటాయి. ఆఖరికి ఒకటి దొరికింది. లాడ్జి గుట్టలో ఒక దిండు గలీబు, బెజ్జంలో ఎర్ర నూగు.

"ఇదిగో, ఇది ఆసుపత్రిది" అంది ఆవిరత్త. గొంతులో ప్రాణం లేచొచ్చింది.

కొత్తామె గలీబు తీసుకుని అంచు తడిమి, మళ్ళీ లాడ్జి గుట్టలోనే వేసింది. ఆవిరత్త తీసి ఇటు వేసింది. ఆమె తీసి అటు వేసింది.

బావ గొంతు సవరించుకున్నాడు. "అత్తా, లాడ్జివాళ్ళు ఏడాదిగా ఒక గలీబు తక్కువొస్తోందని పోరుతున్నారు కదా. అది ఇదేనేమో. గుర్తు వేసింది మీరేగా."

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే ఆవిరత్తకి కాస్త తేలికయ్యేది.

రెండింటికి ఆసుపత్రి బండి నిండుగా వెళ్ళింది. యజమాని నుదురు తుడుచుకుని, ఫారం సంగతి మీ ఇష్టమన్నట్టు చెయ్యి ఊపి లోపలికి వెళ్ళిపోయాడు. అతనికి కావలసింది బండి వెళ్ళడమే.

నాలుగో బల్ల దగ్గర ఇద్దరే మిగిలారు. కొత్తామె గిన్నెలోంచి ఒక ఎర్ర పోగు తీసి ఫారం మీద, గుర్తులకి ఎదురుగా ఉన్న టిక్కు పక్కన పెట్టింది. అక్షరాలు చదవలేకపోయినా టిక్కు అంటే ఏమిటో ఆమెకి తెలుసు. ఆదివారం క్లాసులో ఫారాలే కదా నేర్పేది.

"అడిగాను" అంది. "చెప్పలేదు. ఇప్పుడు రాయి."

చివర 'అండి' లేదు.

ఆవిరత్తకి చెంప మీద కొట్టినట్టయింది. పనికిరాదని రాసినా ఇప్పుడు అడ్డుపడేవాళ్ళు లేరు. ఈమె మాట ఎవరు నమ్ముతారు, నాలుగు మాటలు సరిగ్గా రానిదాని మాట? చెల్లెలి ముఖం కళ్ళ ముందు ఆడింది. ఈ పొడుగు మనిషి మీద ప్రేమ పుట్టిందా అంటే లేదు, ఆమె తోసేసిన చెయ్యి ఇంకా మండుతోంది. కానీ ఆమె చేతుల్లో పని ఉంది. పని తెలిసిన చేతిని చూసి పని తెలియదని రాయడం ఆవిరత్త ఇరవై రెండేళ్ళలో చెయ్యలేదు. గిట్టనివాళ్ళ గురించి కూడా.

టిక్కు కొట్టేసింది. పక్కన 'నేర్పలేదు' అని రాసింది. కింద 'పనికొస్తుంది' అని రాసి సంతకం పెట్టింది. పెన్ను ఎంత నొక్కిందంటే కాగితం చిరిగింది.

సాయంత్రం రిజిస్టరమ్మ అది చదివి కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుంది. "ఈ టిక్కు మీరే పెట్టి మీరే కొట్టేశారేంటమ్మా?"

"రాసిందే ఉంది. చదువుకోండి."

తోడుల జాబితాలోంచి ఆవిరత్త పేరు తీసేశారు. యజమాని చాలా రోజులు ఆమెతో బట్టల సంగతి తప్ప మాట్లాడలేదు. చెల్లెలు గుమ్మంలోనే నిలబడి, "ఊరూపేరూ లేనిదానికి రాసిచ్చావు, సొంత రక్తం చేదయింది" అని లోపలికి కూడా రాకుండా వెళ్ళిపోయింది. వెంట వచ్చిన చెల్లెలి కూతురు మాత్రం వెనక్కి తిరిగి పెద్దమ్మకేసి చూసి జడ ముందుకు వేసుకుంది.

కొత్తామెకి గది వచ్చింది, తల్లిని తెచ్చుకుంది. ఆవిరత్తకి థాంక్స్ చెప్పలేదు. చెబుతుందని ఆవిరత్త అనుకోనూ లేదు, చెప్పనందుకు చిరాకు పడకుండానూ ఉండలేదు.

పోయిన గుర్తులన్నీ మళ్ళీ వేయాలి. బండి వెళ్ళిన మర్నాటి నుంచి బల్లకి ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు, మధ్యలో మూడు దారపు ఉండలు. కొత్తామె ఆవిరత్త కుట్టిన దుప్పటొకటి లాక్కుని, మూల చూసి, చిన్న కత్తెరతో టక్కున కత్తిరించింది. మళ్ళీ తనే కుట్టి పక్కన పడేసింది.

"ఎందుకు కోశావు? అంత వంకరగా ఉందా?" అంది ఆవిరత్త.

"వంకరే" అంది ఆమె తలెత్తకుండా. ఇంకోటి లాక్కుంది.