సున్నా వచ్చేదాకా లేవని మనిషి

మన కంప్యూటర్ సారు సోమవారం పొద్దున సెంటర్ మెట్లెక్కుతూ కూలిపోయాడు. దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయింది. "ఒక్క మాటన్న చెప్పకుండ పోయిండు" అని సంతాపసభలో ఆయన శిష్యులైన మీరంతా ఏడ్చారు. తప్పు. చెప్పాడు. నాకు చెప్పాడు.

అది చివర రాస్తాను. ఇప్పుడే రాస్తే మిగతాది రాయలేను.

గద్వాలలో ఆయనకు ఏడో తరగతి లెక్కలు చెప్పింది నేనే. నేను రిటైరయ్యాక మా పక్కింట్లోనే ఆయన కాపురముంటూ కంప్యూటర్ సెంటర్ పెడితే, ఈసారి నేను శిష్యురాలినయ్యాను. వెనక కూర్చుని గొణిగే ముసలమ్మగా మీకు గుర్తుండే ఉంటాను. గొణగలేదు, మీ తప్పులు చెప్పాను.

నల్ల తెర మీద తెల్ల అక్షరాలతో నడిచే ఆయన ప్రోగ్రాం తానుగా ఏ పనీ చేయదు. చీర అంచు బొమ్మను గళ్లలోకి మార్చే ప్రోగ్రాం ఒకటి, దాన్ని అచ్చు వేసేది మరొకటి. వాటిని వరుసగా నడిపించడమే దీని పని. మొదట్లో తొందరపడి రాశాడు. ఒకనాడు మొదటిది సగంలోనే ఆగిపోయింది. రెండోది ఉన్నంతవరకు అచ్చు వేసి ఊరుకుంది. ఆ కాగితాన్ని బట్టి హంసల అంచుకు మగ్గం చిల్లుల అట్టలు కొట్టించుకున్న నేతాయన మూడోనాడు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"సారూ, జర మగ్గం కాడికొచ్చి సూడు. జానెడు నేసిన. ఒక్క హంసకన్న తలకాయ లేదు."

"నేను నడిపిన గదనే!"

"నడిపినవ్. నడిసిందా అని అడిగినవా?"

ఆ వారమంతా కూర్చుని మళ్లీ రాశాడు. ప్రతి ప్రోగ్రామూ ముగిసేదాకా ఆగాలి, ఎట్లా ముగిసిందో అడగాలి. సున్నా అని బదులిస్తే సవ్యంగా అయినట్టు; వేరే అంకె వస్తే అక్కడితో ఆపేయాలి. నడుస్తూ అది చెప్పే ప్రతి మాటా ఫైల్లో రాసుకోవాలి. చాలాసేపు ఉలుకూ పలుకూ లేకపోతే ఏమైందో చూడాలి.

"మీరిచ్చిన సున్నాలు గిప్పుడు పనికొస్తున్నయి టీచర్" అన్నాడు.

"నీ తాన మస్తుండాలె. దాచుకో" అన్నాను.

మీరు మీట నొక్కి చాయ్‌కి లేచేవారు. ఆయన లేచేవాడు కాదు. "షురూ జేసుడు అందరికొస్తది, కూసోండ్రి" అనేవాడు. రోజూ పొద్దున మా గేటు దగ్గర ఆగి, "టీచర్, బీపీ గోలి ఏసుకున్నరా?" అని అడిగేవాడు. వేసుకున్నానంటే సరిపోదు, గోలీల షీటులో ఖాళీ అయిన అర చూపించేదాకా కదిలేవాడు కాదు.

ఆదివారం గేటు పట్టుకుని నిలబడ్డాడు. "పొద్దటిసంది ఛాతీ పట్టేసినట్టున్నది టీచర్."

"దవాఖానకు పోరా."

"పోత."

నేను లోపలికెళ్లి పప్పు దించాను. పోతానన్నాడు కదా, పోయే ఉంటాడనుకున్నాను. సాయంత్రం అడగలేదు. మా గేటుకూ ఆయన గేటుకూ మధ్య ఇరవై అడుగులు. తలలేని హంసల గురించి ఆయనను ఏళ్ల తరబడి ఎగతాళి చేసినదాన్ని నేనే.

సెంటర్ తాళంచెవి నా దగ్గరుంది. ఆ నేతాయన కొత్త అంచు ఇంకా అచ్చు కాలేదు. మీలో ఒకరు రండి. ఇద్దరొస్తే ముచ్చట్లు పెడతారు. నడిపించండి, సున్నా కనబడేదాకా ఆ కుర్చీలోంచి లేవకండి. కాగితం నేతాయన చేతికిచ్చి, హంసలన్నిటికీ తలలున్నాయో లేదో అక్కడే చూసుకోమనండి. తిరిగొస్తూ అయిందో లేదో నాకు చెప్పి పోండి. గేటు దగ్గరే కూర్చుని ఉంటాను.