టిక్కు పెట్టని గడి

చింతామణిలో బస్టాండు వెనక వీధిలో, మేడ మీద, మాకు ఒక గది ఉండేది. మాకు అంటే నాకూ మా అక్క భర్తకూ. ఇద్దరం కలిసి షేర్లు కొనేవాళ్ళం, అమ్మేవాళ్ళం. బావ వాళ్ళది తాతల కాలం నుంచీ వేరుశనక్కాయల మండీ. తమ్ముళ్ళకు మండీ అప్పజెప్పి ఆయన నాతో చేరాడు. గదికి బోర్డు లేదు. ఎవరి పేరు ముందు రాయాలో తేలలేదు కాబట్టి బోర్డు రాయించలేదు.

గది పూజ నాడు పురోహితుడు ముందు బావకు కుంకుమ పెట్టాడు. కంప్యూటరు కొనాలన్న ఆలోచన నాది, గది వెతికింది నేను. అయినా కుంకుమ ముందు బావకే. కిటికీ పక్క కుర్చీ కూడా ఆయనే తీసుకున్నాడు. "నాకు ఉక్కపోత ఎక్కువప్పా" అన్నాడు. నాకు ఉక్కపోస్తుందా లేదా అని ఎవరూ అడగలేదు. ఇలాంటివి నేను మర్చిపోను. మర్చిపోవాలని ఎప్పుడూ అనుకోలేదు కూడా.

మా పనంతా ఒక చార్టుల సాఫ్ట్‌వేర్‌లో నడిచేది. ఒక్కో షేరు ధర రోజురోజుకూ ఎలా ఎక్కిందో దిగిందో తెర మీద గీతగా కనిపించేది. దాని మీద మనం గీతలు గీసుకోవచ్చు, బాణం గుర్తులు పెట్టుకోవచ్చు, రెండు మాటలు రాసుకోవచ్చు. షేర్లను గుంపులుగా చేసి ఒక్కో గుంపుకు పేరు పెట్టుకోవచ్చు. బావ గుంపులు సిమెంటు, బ్యాంకులు, చక్కెర. వాటితో పాటు నాది ఒక గుంపు ఉండేది. ఇంగ్లీషు అక్షరాలతో 'తప్పులు' అని దాని పేరు.

ఏ షేరులో నష్టపోయినా ఆ చార్టు ఆ గుంపులోకి వెళ్ళేది. కొన్న రోజు దగ్గర బాణం గుర్తు పెట్టి, ఎందుకు కొన్నానో, ఎవరు ఏమన్నారో రాసేవాణ్ణి. ఏదైనా కొత్తగా కొనే ముందు ఆ గుంపంతా ఒకసారి తిప్పి చూసుకునేవాణ్ణి. బి.కాం. పుస్తకాలు నేర్పనిది అది నేర్పింది. అందులో చాలాచోట్ల 'బావ ఆగమన్నాడు, ఆగాను' అనే మాటలే ఉండేవి, దిగుతున్న షేరును అమ్మకుండా ఆగానని. ఇది దాచిపెట్టిన సంగతేమీ కాదు. ఆయన నా వెనక నిలబడి చదివేవాడు.

"ఏమి బామ్మర్దీ, ఈ పొద్దు కూడా నా మీద కేసు రాస్తాండావా?"

"రాస్తాండా. నువ్వు చెప్పింది నువ్వే మర్చిపోతావు కదా."

"మర్చిపోకుంటే మండీ యాపారం చేసేకి అయితాదా అప్పా? రాయి, రాయి. జడ్జి వచ్చినప్పుడు నన్ను పిలువు."

మా ఊరు కొత్తగా ఏర్పడిన చిక్కబళ్ళాపుర జిల్లాలోకి చేరిన ఏడాది మా కంప్యూటరు ముసలిదైపోయింది. మార్కెట్ నడుస్తుండగా ఉన్నట్టుండి ఆరిపోయేది. బెంగుళూరు నుంచి కొత్తది తెచ్చాం. దీపావళి సాయంత్రం ముహూర్తం కోసం మార్కెట్ ఒక గంట తెరుస్తారు. కొత్తదాన్ని ఆ గంటకే మొదలుపెడదామన్నాడు బావ. వాళ్ళ మండీలో కొత్త లెక్కల పుస్తకం తెరిచేది కూడా ఆ పూటే. పాతదాన్ని బాగేపల్లిలో పెళ్ళిపత్రికలు అచ్చువేసే బావ బంధువు అడిగాడు. పండగ మధ్యాహ్నమే వ్యాను దొరికిందని వచ్చి తీసుకుపోయాడు.

అంతకుముందే పాతదానిలో ఉన్నదంతా సీడీకి ఎక్కించి కొత్తదానిలో దించాలి. ఆ పని ఎలా చేయాలో బావకు నేనే నేర్పించాను. బ్యాకప్ నొక్కితే గుంపుల పేర్లు వరసగా వస్తాయి. ఒక్కోదాని ముందు చిన్న గడి ఉంటుంది. ఏది కావాలో దాని గడిలో టిక్కు పెట్టాలి. "పండగ పూట నువ్వు ఇంటికి పోయి తలకు పోసుకోపో, నేను చేస్తాలే" అన్నాడు బావ. నేను వెళ్ళాను. ఆ పూట నేను గదిలోనే ఉండి ఉంటే ఇదంతా రాయవలసిన పని ఉండేది కాదు.

సాయంత్రం వచ్చేసరికి కొత్త మానిటరుకు పసుపు, కుంకుమ, పైన బంతిపూలు. బావ పట్టుపంచెలో ఉన్నాడు. మార్కెట్ తెరవగానే ఏదో ఒక షేరు చార్టు తీసి, దాని నెత్తిన ఇంగ్లీషు అక్షరాలతో 'శ్రీ' అని కొట్టి, కింద పసుపురంగు గీత ఒకటి గీశాడు. మండీలో కొత్త పుస్తకం మొదటి పేజీ కూడా వాళ్ళు అలాగే రాస్తారు. ఆ పేజీలో కొట్టివేతలు ఉండకూడదు. నేను ఆ చార్టు వైపు చూడలేదు. పక్కన గుంపుల వరసలో నాది వెతుకుతున్నాను.

"బావా, నాది యాడ?"

"ఏది?"

"తప్పులది."

"అది రాలేదు."

"రాలేదా, తీసుకురాలేదా?"

ఆయన మౌసు వదిలి నా వైపు తిరిగాడు. "టిక్కు పెట్టలేదప్పా. మా అంగట్లో పోయిన సరుకు, చెడిన బేరము కొత్త పుస్తకంలోకి ఎక్కించరు. మా నాయన ఎక్కించలేదు, వాళ్ళ నాయనా ఎక్కించలేదు. పండగనాడు, కొత్త మిషన్లో అది యాల?"

"అది నా నాలుగేండ్ల పని."

"నాలుగేండ్ల ఏడుపు. ఇడిసిపెట్టు."

ఏడుపు అన్నాడు. పూజకు వచ్చిన మా అక్క ముందు, పక్క గది టైలరు ముందు అన్నాడు. ఆ గంటంతా నేను మాట్లాడలేదు. ఆ తరువాత కూడా మాట్లాడలేదు.

పక్కపక్కనే కూర్చునేవాళ్ళం. ఏం కొనాలన్నా, అమ్మాలన్నా కాగితం ముక్క మీద రాసి ముందుకు తోసేవాళ్ళం. ఒకరోజు మా అక్క కజ్జికాయలు పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. "ఇద్దరికీ ఒకే డబ్బాలో పెట్టినాన్రా. పంచుకునేకైనా మాట్లాడుకుంటారని" అంది. మేం మాట్లాడుకోకుండానే పంచుకున్నాం. ఖాళీ డబ్బా చూసి అక్క, "తినేదానికి మాత్రం రాజీ అయినారు" అని తీసుకుపోయింది.

చివరికి నేను బాగేపల్లి బస్సెక్కాను. పాత కంప్యూటరులో నా గుంపు ఇంకా ఉందో, చెరిపేశారో తెలియదు. చేళూరు మీదుగా పోతున్నంతసేపూ, అది పోయి ఉంటే బావను ఏమనాలో ఒక్కో మాటే కూర్చుకున్నాను. మంచి మాటలే దొరికాయి. వాటితో పని పడలేదు.

"సీ డ్రైవ్ అంతా కొట్టేసి కన్నడ సాఫ్ట్‌వేర్ వేసుకున్యా అన్నా" అన్నాడు పెళ్ళిపత్రికలాయన. "డీ డ్రైవ్ ముట్టలేదు. మీ బావ ఫోన్ చేసి చెప్పినాడు కదా."

"ఏమని?"

"మా బామ్మర్ది వస్తాడు, వాని సామాను డీలో ఉండాది, వాడు వచ్చి తీసుకునేవరకూ ముట్టొద్దు అని. నువ్వింకా రాకపోతివే అని నేనే అనుకుంటాంటి."

ఇది విని వేరే ఎవరైనా మెత్తబడేవారేమో. నాకు మాత్రం ఒళ్ళు మండింది. నేను వెతుక్కుంటూ వస్తానని ఆయనకు ముందే తెలుసు. తెలిసీ నన్ను బస్సెక్కించాడు. ఫోన్లో పెళ్ళిపత్రికలాయనకు చెప్పినవాడు నాకు చెప్పడానికి ఏం అడ్డం వచ్చింది? తిరుగు ప్రయాణంలో, డీ డ్రైవ్‌లోని పాత గుంపులన్నీ ఎక్కించుకున్న సీడీని చొక్కా లోపల పెట్టుకుని, కిటికీ అద్దం సరిగా మూయని కండక్టరుతో కూడా గొడవపడ్డాను.

మరునాడు సీడీని బల్ల మీద పెట్టాను. నేను కూర్చునేలోపే బావ దాన్ని తీసి కంప్యూటరులో వేశాడు. పాతది దించమని నొక్కగానే తెర మధ్యలో ఒక ప్రశ్న వచ్చింది. ఇప్పుడు ఉన్నది తీసేసి దీన్ని పెట్టాలా, అవునా కాదా అని. ఆ సాఫ్ట్‌వేర్‌కు ఒక గుంపును తెచ్చి ఉన్నవాటి పక్కన చేర్చడం తెలియదు. పెడితే మొత్తం పాతదే పెడుతుంది. బావ ఇంగ్లీషును పెదవులు కదుపుతూ నెమ్మదిగా చదువుతాడు. ఆయన చదవడం పూర్తయ్యేసరికి నేనూ చదివేశాను.

"ఉండేదంతా పోతాదంట" అన్నాడు. అన్ని రోజుల తరువాత నాతో అన్న మొదటి మాట అది.

దీపావళి సాయంత్రం రాసిన 'శ్రీ' పోతుంది. పండగ నుంచీ ఆయన గీసుకున్న గీతలన్నీ పోతాయి. ఆ సంగతి నాకు తెలుసు, నాకు తెలుసని ఆయనకూ తెలుసు. వద్దని ఆయనే అంటాడేమోనని చూశాను. వద్దంటే, నాది పోయినప్పుడు నాకూ ఇలాగే ఉండిందని చెప్పాలని సిద్ధంగా ఉన్నాను.

ఆయన మౌసు చేతిలోకి తీసుకున్నాడు. "సరే. నీది నీకు రావల్ల కదా" అని, అవును నొక్కేశాడు.

గుంపులన్నీ వచ్చాయి. నాది అన్నింటికన్నా కింద. బావే దాన్ని తెరిచాడు. మొదటి చార్టు మీద నా బాణం గుర్తు, పక్కన 'బావ ఆగమన్నాడు, ఆగాను'.

"చూసుకో అప్పా, కేసులన్నీ భద్రంగా ఉండాయి" అని నవ్వాడు. ఆ నవ్వులో ఎగతాళి ఉంటుందని వెతికాను. లేదు.

ఆ తరువాత మాట్లాడుకున్నాం. మామూలుగానే, కొనడం అమ్మడం గురించి. కానీ నా వెనక నిలబడి చదవడం ఆయన మానేశాడు. ఉగాది దాటాక చిక్కబళ్ళాపురలో ఒక గది చూసుకున్నానన్నాడు. "జిల్లా అయింది కదా, ఆఫీసులన్నీ ఆడికే వస్తాండాయి. జనం ఉంటారు" అన్నాడు. జగడం ఏమీ జరగలేదు. కంప్యూటరు నాకే వదిలేసి, గోడ మీది దేవుడి పటం మాత్రం అడిగి తీసుకుపోయాడు.

కిటికీ పక్క కుర్చీలోకి మారాను. మధ్యాహ్నం దాటిందంటే ఎండ సూటిగా ఆ కుర్చీ మీదే పడుతుంది. ఇన్నేళ్ళూ ఆ ఎండలో కూర్చుని ఆయన ఒక్కనాడూ ఆ మాట అనలేదు.

నన్ను అడగకుండా నా గుంపును వదిలేయడం తప్పే. ఇప్పటికీ అదే అంటాను, ఆయన ఎదురుగా కూడా అంటాను. కానీ ఆయన వెళ్ళాక నష్టపోయిన షేర్లను ఆ గుంపులో చేర్చి, బాణం గుర్తు పెట్టి, పక్కన ఏం రాయాలో తెలియక అలాగే వదిలేశాను. ఆగమన్నవాళ్ళు ఎవరూ లేరు.

మరుసటి దీపావళికి ఒక్కణ్ణే గది తెరిచాను. మానిటరుకు పసుపు రాసి, బావ నిరుడు 'శ్రీ' రాసిన చార్టు తీసి, మళ్ళీ దాని మీదే రాద్దామనుకున్నాను. ఏడుపు అన్నప్పుడు ఆయన కట్టుకున్న పంచె అంచు రంగు నాకు గుర్తుంది. టైలరు ఎటు చూశాడో, అక్క చేతిలో ఏముందో గుర్తుంది. ఆయన తెరిచిన చార్టు ఏ షేరుదో మాత్రం గుర్తు రాలేదు. ఆ 'శ్రీ' పాతవాటిని దించినప్పుడే చెరిగిపోయింది కాబట్టి, పేరు చూస్తేనైనా గుర్తొస్తుందేమోనని ఒక్కో గుంపే తెరిచి చూశాను. సిమెంటు, బ్యాంకులు, చక్కెర. ఫోన్ చేసి అడగవచ్చు. ఇంకా అడగలేదు.