ఖాళీ బండికి చేసిన బ్రేకు పరీక్ష

బాపట్ల జిల్లా కేంద్రమైన మరుసటి ఏడాది జూన్‌లో నన్ను తెనాలి నుంచి అక్కడికి మోటారు వాహనాల తనిఖీ అధికారిగా బదిలీ చేశారు. రిటైర్మెంటుకు ఇక రెండేళ్లే ఉంది. కాగితాల మీద మా హోదా ఎంత పొడుగున్నా, జనం నోట మేము బ్రేకు ఇన్‌స్పెక్టర్లం. లైసెన్సులు, పర్మిట్లు, ఫిట్‌నెస్ పత్రాలు ఎన్ని చూసినా ఆ పేరు మమ్మల్ని వదలలేదు. నాకైతే ఆ పేరు ఇష్టమే. బ్రేకు గురించి నాకు తెలియనిది ఈ చుట్టుపక్కల ఇంకెవరికీ తెలియదని లోలోపల ఒక గర్వం ఉండేది. ఆ గర్వం ఎలా దిగిందో, అది దిగుతుంటే నేనెంత సంబరపడ్డానో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ప్రమాదం జరిగితే స్టేషను ఎస్సై బండిని స్వాధీనం చేసుకుని, పరీక్షించమని మాకు కాగితం పంపుతారు. మేము వెళ్లి బ్రేకు, స్టీరింగు, టైర్లు, లైట్లు చూసి నివేదిక ఇస్తాం. అందులో అన్నిటికంటే ముఖ్యమైనది చివరి గడి: ప్రమాదం బండిలోని యాంత్రిక లోపం వల్ల జరిగిందా, లేదా? నూటికి తొంభై తొమ్మిదిసార్లు అక్కడ 'లేదు' అని రాస్తాం. ఆ మాట రాయడానికి నాకు ఆలోచన కూడా అక్కర్లేదు, చెయ్యి అలవాటుగా రాసుకుపోయేది. లోపం బండిది కాదంటే ఇక మిగిలేది డ్రైవరే.

చేరిన మూడో వారంలో రేపల్లె నుంచి అలాంటి కాగితం వచ్చింది. పదిహేనేళ్ల నాటి వ్యాను కారు. వెనక సీట్లు పీకేసి, రోజూ తెల్లవారాక నిజాంపట్నం హార్బరు నుంచి తెనాలి మార్కెట్టుకు చేపల పెట్టెలు తోలుతున్నారు. సొంత వాడకం కారులో సరుకు తోలడమే ఒక తప్పు, దానికి వేరే కేసు. అసలు సంగతి ఏమిటంటే, చిరుజల్లు పడుతున్న ఉదయం రేపల్లె పొలిమేర మలుపులో పెట్టెల బరువుతో వస్తున్న ఆ బండి సైకిలు మీద వెళుతున్న ఒక హెడ్మాస్టరు గారిని కొట్టింది. ఆయన ప్రాణానికి ముప్పు తప్పింది గానీ తొడ ఎముక విరిగింది.

డ్రైవరు పేరు దేవదానం. యాభైకి దగ్గరపడిన మనిషి. పాతికేళ్లుగా స్టీరింగు పట్టుకుంటున్నా అంతవరకు అతని మీద ఒక్క కేసూ లేదు. నిర్లక్ష్యంగా నడిపాడని కేసు కట్టి, లైసెన్సు స్టేషనులో పెట్టుకున్నారు. నా నివేదికలో 'లేదు' అని పడితే కేసు నిలుస్తుంది, లైసెన్సు పోతుంది, జైలు కూడా పడవచ్చు. అతనికి వేరే పని రాదు.

స్టేషను ఆవరణలోనే బండిని నేను నడిపి చూశాను. ఇరవై వేగంలో ఒక్కసారిగా బ్రేకు తొక్కితే తిన్నగా, బుద్ధిగా ఆగింది. బ్రేకు ఆయిలు సరిపడా ఉంది, ఎక్కడా కారడం లేదు. ముందు టైర్లు మాత్రం బోడిగుండులా ఉన్నాయి. టైరు మీది గాడుల అడుగున చిన్న దిమ్మలుంటాయి. టైరు వాటితో సమానంగా అరిగిందంటే ఇక పనికిరాదని లెక్క. ఆ సంగతి రాసుకున్నాను. అయినా, టైరు అరిగిందని తెలిసి నెమ్మదిగా నడపాల్సింది డ్రైవరే కదా అని వకీళ్లు చిటికెలో కొట్టిపడేస్తారు. చివరి గడిలో మామూలుగానే 'లేదు' రాసి, లోపమేమీ కనబడలేదని ఎస్సైకి చెప్పి, సంతకానికి కలం దించాను. అప్పుడు దేవదానం ముందుకు వచ్చాడు.

"సార్, బ్రేకు పడలేదని నేను అనట్లేదండి. పడిందండి. ముందు చక్రాలు రెండూ బిగుసుకుపోయినయ్యండి. మాస్టారు గారిని తప్పిద్దామని స్టీరింగు ఎడమకి పూర్తిగా కోసేశానండి. బండి నా మాట ఇనలేదండి, తిన్నగా ఆయన మీదికే పోయింది" అన్నాడు.

నా సర్వీసులో ప్రమాదం చేసిన ప్రతి డ్రైవరూ చెప్పే మాట ఒక్కటే, బ్రేకు పడలేదని. పడిందని, అదే కొంప ముంచిందని చెప్పినవాడిని నేను మొదటిసారి చూస్తున్నాను. అబద్ధమాడేవాడు ఎవడూ ఇంత కష్టమైన అబద్ధం ఎంచుకోడు. చక్రం దొర్లుతుంటేనే స్టీరింగు మాట వింటుంది. బిగుసుకున్న చక్రాన్ని ఎటు తిప్పినా బండి పోయేవైపే జారుతుంది. అంటే అతను చెప్పింది జరగగలిగినదే. కలం మూసి, మళ్లీ ముందు టైర్ల దగ్గర కూర్చున్నాను. రెంటి మీదా అరచేయంత మేర ఒకేచోట గీకేసినట్టు మచ్చలున్నాయి. వెనక టైర్లు కొత్తవి. వాటి మీద అలాంటి మచ్చ ఒక్కటీ లేదు. ముందువి బిగుసుకుని ఈడ్చుకుపోతుంటే వెనకవి హాయిగా దొర్లాయన్నమాట. వెనక బ్రేకులు తమ వాటా పని చేయలేదు. కానీ ఎందుకు చేయలేదు? ఆవరణలో బండి బాగానే ఆగిందే! నాకు ఒళ్లంతా ఉత్సాహం పుట్టుకొచ్చింది. ఆ వయసులో ఉద్యోగంలో కొత్త చిక్కు దొరకడం ఎంత అదృష్టమో ఆ పనిలో ఉన్నవాళ్లకే తెలుస్తుంది.

బండి యజమానిని పిలిపించమన్నాను. సాంబశివరావు గారు రేపల్లె పక్క పల్లెలో పెద్ద రైతు, ఈ మధ్యనే చేపల వ్యాపారంలోకి దిగారు. కొత్త టైర్లు వెనక ఎందుకు వేయించారని అడిగితే, బరువంతా వెనకే ఉంటుంది కదండీ అన్నారు. మాటల మధ్యలో, ఇన్నేళ్లు చేపలు మోసిన బండి అంత కంపు కొట్టడం లేదేమిటని అడిగాను. ఆయన ముఖం వెలిగిపోయింది.

"అదేనండి కిటుకు. ఐసు కరిగిన నీళ్లు లోపల నిలిస్తేనేనండి కంపు. అందుకని నేలకి బెజ్జం కొట్టించాను. చుక్క నిలవదు. మమ్మల్ని చూసి ఇప్పుడు ఈ వైపు అందరూ కొట్టిస్తన్నారండి" అంటూ వెనక తలుపు ఎత్తి చూపించారు.

రూపాయి బిళ్లంత బెజ్జం, వెనక ఇరుసుకు కాస్త ముందుగా ఉంది. దాని కింద ఏముంటుందో నాకు చప్పున తట్టింది. ఖాకీ బట్టలతోనే నేల మీద వెల్లకిలా పడుకుని బండి కిందికి దూరాను. నడుము పట్టేస్తుందేమోనన్న భయం కూడా గుర్తు రాలేదు.

ఇలాంటి బండ్లకు వెనక బ్రేకు గొట్టం మధ్యలో ఒక చిన్న వాల్వు ఉంటుంది. దాని లివరు నుంచి ఇరుసుకు ఒక కడ్డీ వెళుతుంది. బరువు వేసి బండి వెనకభాగం కుంగితే కడ్డీ లివరును నెడుతుంది, వాల్వు తెరుచుకుని వెనక బ్రేకులకు ఎక్కువ ఒత్తిడి పంపుతుంది. బండి ఖాళీగా ఉంటే వాల్వు దాదాపు మూసుకునే ఉంటుంది. ఆ బెజ్జం లోంచి ఉప్పు నీరు రోజూ సరిగ్గా ఆ వాల్వు మీదే కారింది. లివరు తుప్పుతో కదలకుండా బిగిసిపోయి ఉంది. బరువు పడ్డ ప్రతిసారీ లివరు లొంగక, పాపం కడ్డీయే వంగిపోయింది. చేత్తో పట్టి ఊపాను, ఉడుం పట్టు.

అక్కడే నా తప్పు కూడా నాకు కనబడింది. వాల్వు మూసుకున్న స్థితిలో బిగిసింది. ఖాళీ బండికి అది ఉండవలసిన స్థితి అదే. కాబట్టి ఖాళీగా నడిపితే ఏ లోపమూ కనబడదు. బరువు వేస్తేనే వెనక బ్రేకులు చాలక, ఆపే పనంతా బోడి టైర్ల ముందు చక్రాల మీద పడి అవి బిగుసుకుంటాయి. నేను వెయ్యిసార్లు పరీక్షించినా బండి బుద్ధిగానే ఆగుతుంది.

ఉన్నది ఉన్నట్టు ఫొటోలు తీయించి, పంచనామా రాయించి, మర్నాడు బండిలో మామూలుగా మోసేంత బరువుకు పెట్టెలు నింపించాను. రాత్రంతా వాన పడి రోడ్లు తడిసి ఉన్నాయి. ఊరి బయట ఇళ్లింకా లేని ఒక కొత్త లేఅవుటులో సిమెంటు రోడ్డు ఎంచుకున్నాం. రెండు కొసలా కానిస్టేబుళ్లు, రోడ్డు పక్కన ఎస్సై నిలబడ్డారు. నేనే నడిపాను. ముప్పై వేగంలో బ్రేకు తొక్కి, స్టీరింగు ఎడమకు కోసేశాను. బండి తిరగలేదు. జారుడు బల్ల మీద కూర్చున్నట్టు తిన్నగా జారిపోయి, ఎక్కడో వెళ్లి ఆగింది. ఎస్సై పరుగెత్తుకుంటూ వచ్చి, "ముందు చక్రాలు అసలు దొర్లలేదండి సార్, వెనకవి దొర్లుతానే ఉన్నాయి" అన్నాడు. నాకు చిన్నపిల్లవాడిలా చప్పట్లు కొట్టాలనిపించింది. హోదా గుర్తొచ్చి ఊరుకున్నాను. ఇంకో రెండుసార్లు చేశాం, రెండుసార్లూ అంతే.

సాంబశివరావు గారు నన్ను పక్కకు పిలిచి, మీరు నిన్న లోపం లేదన్నారట కదా, పెద్దవారు, ఆ మాట మీదే ఉండండి అన్నారు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని కూర్చోవడానికి నాకు అభ్యంతరం లేదు గానీ, నాలుగో కాలు ఎస్సై కూడా చూశాడండీ అన్నాను. ఆయన నవ్వలేదు. మొదటి నివేదిక చించి, అది ఎందుకు చించానో కొత్త దానిలోనే రాశాను. బండి ఎంత వేగంతో వచ్చిందో నేను చెప్పలేను, అది నా పని కాదు. హెడ్మాస్టరు గారి కాలు విరగడమూ అబద్ధం కాదు. నేను చెప్పగలిగినది ఒక్కటే, ఆ బరువుతో, ఆ టైర్లతో, ఆ తడి రోడ్డు మీద ఏ డ్రైవరు నడిపినా బండి తిరిగేది కాదని. చివరి గడిలో 'అవును, యాంత్రిక లోపం వల్లనే' అని రాశాను. సర్వీసు మొత్తంలో నేను ఆ మాట రాయడం అది నాలుగోసారి.

కేసు దేవదానం మీద నుంచి తీసేసి, బండిని ఆ స్థితిలో రోడ్డెక్కించినందుకు యజమాని మీదికి మార్చారు. లైసెన్సు తిరిగిచ్చిన రోజున దేవదానం బాపట్ల ఆఫీసుకు వచ్చాడు. ఇప్పుడు స్కూలు బస్సు నడుపుతున్నానని చెప్పి వెళ్లాడు. హార్బరు దారిలో వారం రోజులు కాపు కాసి, నేలకు బెజ్జం కొట్టించిన బండ్లన్నీ ఆపి వాల్వులు చూశాం. బిగిసిపోయినవి ఇంకా దొరికాయి.

ఈ వ్యవహారం నాకు నేర్పింది చిన్నదే. బండి ఏ బరువుతో ప్రమాదం చేసిందో ఆ బరువు వేసే పరీక్షించాలి. మిగిలిన రెండేళ్లూ అలాగే చేశాను. అంతకు ముందు ఇరవై ఆరేళ్లు ఖాళీ బండ్లనే నడిపి చూసి, లోపం లేదని సంతకాలు పెట్టాను. ఆ డ్రైవర్లలో నిజం చెప్పినవాళ్లు ఎందరున్నారో నాకు తెలియదు. అప్పుడు నేను వినలేదు.