ఎడమపక్క వేరే కొలత

ఆ వీధిలో సగంమంది ఆడవాళ్ల జాకెట్లు కుట్టిన చెయ్యి అత్తగారిది. ఎనభై దాటినా సూదిలో దారం తనే ఎక్కించుకుంటుంది. అటువంటి మనిషికి జాకెట్టు ఎడమవైపు బిగిసింది. మరొకరైతే డాక్టరు దగ్గరికి పరుగెత్తేవారు. ఈవిడ పక్క కుట్టు విప్పి వదులు చేసుకుంది. మళ్లీ బిగిస్తే మళ్లీ విప్పింది. లోపల మిగుల్చుకున్న గుడ్డంతా అయిపోయాకగానీ కోడలి చెవిన వేయలేదు.

"లావెక్కాననుకున్నానే అమ్మాయ్!"

"ఒక్క పక్కే లావెక్కుతారా అత్తయ్యా!" అని కోడలు నెత్తి కొట్టుకుంది.

రొమ్ము క్యాన్సరని తేలింది. ఈ వయసులో కోతలెందుకు, మాత్రలతో సరిపెట్టేద్దామని ఇంట్లో తీర్మానించేశారు, ఆవిణ్ణి తప్ప అందరినీ అడిగి. కోడలు ఆ మాటే డాక్టరమ్మకి గుసగుసగా చెప్పింది, పక్కనున్న అత్తగారికి చెముడన్నట్టు.

"వయసొక్కటే చూసి చెప్పలేనమ్మా," అంది డాక్టరమ్మ. "గుండె బాగుంది. ఇక ఒంట్లో సత్తువ చూడాలి. బామ్మగారూ, చేతులు ఆన్చకుండా లేచి తలుపుదాకా వెళ్లి రండి."

లేచింది. వెళ్లింది. తిరిగొస్తూ సగంలో ఆగి ముందుకు వంగిపోయింది. కళ్లు తిరిగాయనుకుని కోడలు ఒక్క ఉదుటున వెళ్లింది.

తీరా చూస్తే, ఆవిడ మంచం పక్క తెర అంచు పట్టుకుని, వేలాడుతున్న దారప్పోగుని పంటితో కొరుకుతోంది!

"అత్తయ్యా! ఆసుపత్రి తెర అది!" కోడలికి తల కొట్టేసినట్టయింది.

"ఊడిపోతుంటే చూస్తూ కూర్చోమంటావా?"

డాక్టరమ్మ నవ్వాపుకోలేకపోయింది. "వంగి లేవడం కూడా చూపించేశారు. మీరు ఆపరేషన్‌కి తట్టుకోగలరు. వద్దంటే మాత్రలున్నాయి. మీరే చెప్పండి."

మొదటిసారి ఆవిణ్ణి అడిగారు.

"తర్వాత మిషను కుట్టగలనా?"

"కొన్నాళ్లాగి. భుజం వ్యాయామం మానకూడదు."

"అయితే తీసెయ్ తల్లీ. ఎన్నాళ్లని కుట్లు విప్పుకుంటూ కూర్చోను?"

కట్టు విప్పిన రోజు కోడలు కళ్లు మూసేసుకుంది. అత్తగారు మాత్రం అద్దం అడిగి తెప్పించుకుంది. రొమ్ము ఉన్నచోట మిగిలిన గీత వెంట ఈ చివరినుంచి ఆ చివరికి నింపాదిగా చూసుకుంది.

"కుట్టు ఎంత తిన్నగా వేసిందే ఆ డాక్టరు పిల్ల!"

కోడలు కళ్లు తెరిచింది. ఒకే కప్పు కింద ఇన్నేళ్లుండి, ఈ మనిషిని ఇప్పుడే చూస్తున్నట్టు చూస్తూ నిలబడిపోయింది.

గాయం పూర్తిగా మానాక ఒక పొద్దున అత్తగారు టేపు తెచ్చి కోడలి చేతిలో పెట్టింది. రెండు చేతులూ తలపైకి ఎత్తింది. ఎడమది కాస్త వణికింది, కానీ లేచింది.

"ఎడమపక్క వేరుగా కొలిచి రాయి, అమ్మాయ్. ఈసారి లోపల గుడ్డ మిగల్చక్కర్లేదు."