పిండం ముట్టిన పావురం

అనకాపల్లి వెళ్ళి అత్తగారిచేత పావురాలకి గింజలు వెయ్యడం మాన్పించాలి, కుదిరితే ఆవిణ్ణి విశాఖపట్నం తీసుకురావాలి. ఇదీ మా ఆవిడ ఆజ్ఞ. రెట్టల ధూళి ఊపిరితిత్తుల్లో చేరిందనీ, ఇలాగే మేపితే ఆ దగ్గు ప్రాణం మీదికి తెస్తుందనీ డాక్టరు చెప్పేశాడు. ఉదయం ఏడింటి ప్యాసింజరెక్కాను.

పక్కన కశింకోట రైతు ఒకాయన కూర్చున్నాడు. నా పని విని, "మా కళ్లంలో వాలితే తరిమేత్తాం. టౌనోళ్ళు కొని మరీ మేపుతారు, ఏటి బాబూ ఇది!" అన్నాడు. పావురం అసలు కొండరాళ్ళలో కాపురముండే పిట్ట అనీ, మన మేడలే దానికిప్పుడు కొండలనీ ఫోన్లో చదివిన జ్ఞానమంతా పంచాను. దువ్వాడ దాటకముందే ఆయన నిద్రపోయాడు.

ఎనిమిదిన్నరకి దిగి, షేర్ ఆటోలో ఇల్లు చేరాను. అత్తగారు మేడ మీద జొన్నలు చల్లుతూ దగ్గుతున్నారు. మావగారు పోయినప్పుడు ఆ మేడ మీదే పిండం పెట్టి ఎంత పిలిచినా ఒక్క కాకీ రాలేదు. చివరికో పావురం వచ్చి ముట్టింది. అందరం హమ్మయ్య అనుకుని భోజనాలకి లేచాం. అత్తగారు మాత్రం ఆ పావురాన్ని వదల్లేదు. డాక్టరు మాట చెప్పి, ఇక గింజలు మానెయ్యమన్నాను.

"దగ్గు నాది బాబూ, ఆకలి ఆయనది. నేను మానేత్తే ఎవులు పెడతారు?"

"వీటిలో మావయ్యగారెవరండీ?"

"ఆ మెడ నిగనిగలాడతన్నాయన."

అన్నిటి మెడలూ నిగనిగలాడుతున్నాయి.

పావురాల్లో తండ్రి కూడా గొంతులో పాలు తయారుచేసి పిల్లలకి పడతాడని చెప్పాను. "ఆయన పిల్లల్ని ఎత్తుకున్న పాపాన పోలేదు. ఇప్పుడు నేర్సుకున్నారన్నమాట!" అని మురిసిపోయారు. అంతలోనే దగ్గు తెర వచ్చి, గోడ పట్టుకుని కూలబడ్డారు. నాకు భయమేసింది. నోటికొచ్చింది అనేశాను: "పావురం ఎంత దూరమైనా దారి కనుక్కుంటుందండీ. మీరెక్కడుంటే మావయ్యగారక్కడికే వస్తారు."

నిజానికి అది తన గూటికే తిరిగొస్తుంది. ఆ సంగతి చెప్పలేదు.

నాలుగున్నర బండికి ఇద్దరం బయల్దేరాం. దారిలో ఆవిడ ఒక్కసారీ దగ్గలేదు. నన్ను నేనే మెచ్చుకున్నాను.

విశాఖపట్నంలో దిగామో లేదో, ప్లాట్‌ఫారం రేకుల కిందనించి ఓ పావురం వచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర వాలింది.

"సూసేరా బాబూ, మనకంటే ముందొచ్చేసేరు!" అత్తగారు సంచి విప్పారు. పైన రెండు చీరలు, కింద అంతా జొన్నలు. "మీ బాల్కనీకి వల కట్టించేరు కదా, రేపది తీయించేయండి."

ఈ దారిన వెళ్ళేవాళ్ళు పావురాల గురించి ఏమీ చదవకుండా వెళ్ళడం మంచిది.

ఫోన్ మోగింది. "అమ్మ వస్తోందా?" అంది మా ఆవిడ.

"వస్తోంది" అన్నాను. వాళ్ళ నాన్నగారు కూడా వస్తున్నారని ఇంటికెళ్ళాక చెబుదామనుకున్నాను.