బస్సులో ఇచ్చిన వంకాయలు

చెల్లి పెళ్ళికి వండిన కూరలు నా పెరటివేనని నూజివీడులో ఇంకా అనుకుంటున్నారు కనుక ఇది రాస్తున్నాను.

ఎనభై ఆరులో లైబ్రరీలోని తోటపని పుస్తకాలన్నీ చదివి, పెరట్లో మామిడిచెట్ల నీడన వంగనారు నాటాను. పెళ్ళి దగ్గరపడినా ఆకులే తప్ప కాయ లేదు.

అప్పుడే చాట్రాయి బస్సులో ఒకావిడ గంపెడు వంకాయలతో నా పక్కన కూర్చుంది.

"మా పెరటివేనండి. అమ్మాయి పెళ్ళికి."

"పుచ్చులుంటాయేమో," అన్నాను కడుపుమంటతో.

ఆవిడ నవ్వి నాలుగు కాయలు నా ఒళ్ళో పెట్టింది. "మీ కళ్ళు పడ్డాయి కదండీ. తీసుకోకపోతే పెళ్ళికూరకి దిష్టి."

తీసుకుంటే కుళ్ళుకున్నానని ఒప్పుకున్నట్టే. అయినా తీసుకున్నాను.

ఆ పూటే అమ్మ వండింది. "వెన్నలా ఉంది అన్నయ్యా," అని చెల్లి అంటే మళ్ళీ మండింది. పెళ్ళికి బజారు వంకాయలే కొన్నాం.

నీళ్ళు పోసిన వదిన సుభద్రకు, పాదులు తవ్విన గోవిందుకు, పుస్తకాలిచ్చిన శేషయ్యగారికి కృతజ్ఞతలు. కాయలిచ్చిన ఆవిడ పేరు అడగడానికి ఆ రోజు నాకు మనసొప్పలేదు.