విన్న రోజు మొదలైన మైల

కంటి పరీక్షకని చెన్నై బయలుదేరి, పోయిన నెల ఇక్కడి విమానాశ్రయంలో ఒక పూటంతా కూర్చోవలసి వచ్చింది. ఊరికి పేరు మార్చారు గాని నా నోటికి ఇంకా పోర్ట్ బ్లెయిర్ అనే వస్తుంది, ఈ వయసులో నాలుకకి కొత్త పాఠం ఎక్కదు. క్షిపణి పరీక్ష ఉందట, ఆకాశం మూసేశారట, అది అయ్యేదాకా ఏ విమానమూ రాదట, పోదట. నా పక్కన కూర్చున్న కుర్రాళ్లు ఫోన్లో ఆ క్షిపణి బొమ్మ చూసుకుంటూ, అది ఎంత దూరం పోతుందో, ఏ దేశాన్ని అందుకుంటుందో ఒకరికొకరు చెప్పుకుని మురిసిపోతున్నారు. వాళ్లని ఏమీ అనలేదు గాని, చేతిలో టీ చల్లారిపోతున్నా తాగబుద్ధి కాలేదు, మనసు ఎప్పటి వానాకాలానికో వెళ్లిపోయి అక్కడే చతికిలపడింది.

మీలో నా ఈడు వాళ్లకి గుర్తుండే ఉంటుంది, ఎడారిలో మన దేశం బాంబులు పేల్చిన ఆ వేసవి. నేను లంగా ఓణీ కట్టే రోజుల్లో ఒకసారి పేల్చి, తరువాత చాలా ఏళ్లు ఊరుకుని, ఇక ఆ సంగతి మరిచిపోయారనుకున్నాక మళ్లీ పేల్చారు. ఇకమీదట కొత్తరకం బాంబులు వరసగా తయారవుతాయని రేడియోలో పెద్దవాళ్లు చెప్పారు. మా పట్నంలోని అబర్డీన్ బజార్లో మిఠాయిలు పంచారు, అబద్ధమెందుకు, నేనూ ఒక లడ్డూ తిన్నాను. నేను అప్పటికి పట్నంలో తెలుగు బడిలో టీచరుని, హోప్ టౌన్‌లో నాన్న దగ్గరే ఉంటూ రోజూ ఫెర్రీలో హార్బరు దాటి వచ్చిపోయేదాన్ని. ఆ సాయంత్రం ఫెర్రీలో మా వాళ్లంతా పండగ చేసుకుంటున్నట్టే ఉన్నారు.

ఒక్క మా బావ తప్ప. బావ అంటే మా అక్క భర్త, విశాఖ నుంచి సర్కారు ఉద్యోగం మీద వచ్చి ఇక్కడే పాతుకుపోయిన సైన్సు మాస్టారు. ఇంట్లో అన్నం తింటూ మాట్లాడినా నల్లబల్ల ముందు నిలబడి పాఠం చెప్పినట్టే ఉండేది ఆయన ధోరణి, అందుకని ఆయన నోరు విప్పగానే అక్క వంటింట్లోకి వెళ్లిపోయేది. ఆ వేసవిలో మాత్రం ఆయన పాఠం ఆపలేదు. నలుగురు మిత్రుల్ని కూడగట్టుకుని, కొత్త బాంబులు వద్దని చేత్తో రాసిన కాగితాలు బస్టాండు గోడల మీద అంటించడం, తెల్లారేసరికి ఎవరో వాటిని చింపేయడం, మళ్లీ అంటించడం, ఇలా రెండు నెలలు సాగింది. పెద్ద దేశాలు తమ బాంబుల్ని తమ పట్నాల పక్కన కాకుండా ఎక్కడో సముద్రంలో ద్వీపాలు చూసుకుని, అక్కడివాళ్లని పడవలెక్కించి పంపేసి పేల్చుకున్నాయనీ, బాంబంటూ ఉన్నాక అది వెతుక్కునేది మనలాంటి చోటునేననీ ఆయన అందరికీ చెప్పి చూశాడు. విన్నవాళ్లు తల ఊపి వెళ్లిపోయేవారు. వినని వాళ్లు ఆయన క్వార్టరు గోడ మీద బొగ్గుతో దేశద్రోహి అని రాసిపోయారు. అక్క దాన్ని కడుగుతూ ఏడవడం నేను చూశాను.

బాంబు పడి హిరోషిమా కాలిపోయిన రోజు ఆగస్టులో వస్తుంది కదా, ఆ రోజు బజార్లో సభ పెట్టాలని బావ తలపెట్టాడు. పైఅధికారి పిలిచి, సర్కారు జీతగాడు సభలో నోరు విప్పితే ఉద్యోగం ఉండదని మెత్తగానే చెప్పాడట. ఇద్దరు పిల్లలూ చదువుకుంటున్నారు, ఉన్న ఇల్లు సర్కారుది, ఉద్యోగం పోతే సామాను సర్దుకుని ఓడ ఎక్కడమే. అయినా మనిషి ఊరుకోలేదు. సభలో మాట్లాడితే తప్పవుతుంది గాని, బెస్తవాళ్లు ఒకరోజు సముద్రం మీదికి వెళ్లకుండా కూర్చుంటే అది ఏ రూలు కింద తప్పవుతుందని నాన్న దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

మా నాన్న హోప్ టౌన్ రేవులో మా తెలుగువాళ్లకి పెద్ద. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ గుడిసెలు వేసుకున్న తరం వాళ్లది. దేశం వదిలినా రేవు కట్టుబాట్లు వదల్లేదు. పండక్కో పంచాయితీకో చేపల వేట ఆపాలంటే పలక, అదే డప్పు, కొడుతూ ఎందుకు ఆపుతున్నారో నోటితో చాటించేవారు. సముద్రంలో ఎవరైనా పోతే మాత్రం చాటింపు ఉండదు, పలక ఒక్కటే ఆగి ఆగి మోగుతుంది. పేరు చెప్పరు. ఎవరింటి మనిషో రేవుకి వెళ్లి తెలుసుకోవలసిందే. ఆ పలక మోగాక పొయ్యి వెలిగించరు, డోంగీ నీళ్లలోకి దించరు, ఊరంతటికీ మైల. డోంగీ అంటే తెలుసుగా, మా చిన్న పడవ. నాన్న బావ చెప్పిందంతా విని, చాలాసేపు చుట్ట కాల్చుకుని, ఎవరో పోయారని చెబుతున్నావు కనుక ఒక్కరోజు ఆపిస్తానన్నాడు. బాంబుల సంగతి ఆయనకి పట్టిందని నేననుకోను, అల్లుడి ముఖం చూసి ఒప్పుకున్నాడు.

అందరికంటే గట్టిగా అడ్డం పడింది మా పిన్ని. చిన్నాన్న సముద్రంలో పోయినప్పటినుంచీ గంప నెత్తిన పెట్టుకుని అబర్డీన్ బజార్లో చేపలమ్మి ఒక్క కొడుకుని పెంచుకొచ్చింది. వాడప్పటికి పెద్దవాడై డోంగీ మీద వేటకి వెళుతున్నాడు. మన దేశానికి బలం వస్తే ఈ మాస్టారుకి కడుపుమంట ఎందుకని పిన్ని నలుగురి ముందూ అడిగేసింది. ఎప్పుడో చచ్చిన పరాయివాళ్లకి మన రేవు ఎందుకు ఆగాలని అడిగితే, జవాబు చెప్పబోయిన బావ పాఠంలోకి దిగాడు, పిన్ని గంప ఎత్తుకుని వెళ్లిపోయింది.

హిరోషిమా రోజుకి ముందటి సాయంత్రం నేను బడి నుంచి తిరిగి వస్తున్నాను. పడమటి గాలి జోరుగా ఉంది, హార్బరు మధ్యలో ఫెర్రీ ఊగుతోంది. ఖాళీ గంపలతో మా రేవు ఆడవాళ్లంతా అందులోనే ఉన్నారు, పిన్ని కూడా. ఎవరో ఏదో హాస్యమాడితే నవ్వుతున్నారు. అప్పుడు అవతలి ఒడ్డునుంచి పలక వినిపించింది. మోగి ఆగింది. మళ్లీ మోగి ఆగింది. చాటింపు లేదు.

 మర్నాడు వేట ఆపుతారని నాకు తెలుసు, పలక కొడతారనీ తెలుసు, అయినా మాటలేని పలక వినేసరికి ఆ తెలివంతా ఎగిరిపోయింది. ఒక్కరూ ఏడవలేదు, ఒక్కరూ మరొకరి ముఖం చూడలేదు, ఎందుకంటే చూస్తే పోయినవాడు ఆమె ఇంటివాడే కావాలని కోరుకున్నట్టవుతుంది. ఎవరికి వారు తమ మగవాడు ఏ వేళకి బయలుదేరాడో లోపల లెక్కేసుకుంటున్నారు. పిన్ని లేచి నిలబడి, గంపని రెండు చేతులతో పొట్టకి అదుముకుంది. దిగడానికి లేదు, పరిగెత్తడానికి లేదు, ఆ ఫెర్రీ నడిచినంత నెమ్మదిగా మరే బండీ నడవదనిపించింది.

ఒడ్డు తగలగానే దూకినట్టే దిగాం. నాన్న జెట్టీ మొదట్లోనే నిలబడి, మనవాళ్లెవరూ పోలేదు, ఇది రేపటి సంగతి అని అరిచి చెబుతున్నాడు. జరిగిందేమంటే, పలక కొట్టే ముసలాయనతో నాన్న, రేపు చచ్చిపోయినవాళ్ల కోసం వేట ఆపుతున్నాం కొట్టు అన్నాడు. చావు అన్నాక ఆయనకి తెలిసిన పలక ఒక్కటే, అదే కొట్టుకుంటూ ఊరంతా తిరిగాడు. మా రేవులో పుట్టినవాడెవడూ మరోలా కొట్టడు. నాన్నకే ముందుగా తట్టి ఉండవలసింది. ఆడవాళ్ల భయమంతా కోపమైపోయి బావ మీదికి మళ్లింది. వానలో గొడుగు కూడా విప్పకుండా ఆయన ఒక పక్కన నిలబడి ఉన్నాడు. ఒకామె ఆయన కాళ్ల ముందు మట్టి ఎత్తిపోసింది.

అంతలో ఎవరో ఒడ్డుకి లాగి ఉంచిన డోంగీల్ని చూసుకొచ్చి, మా తమ్ముడిది, అంటే పిన్ని కొడుకుది, రాలేదన్నారు.

ఇక ఆ తరువాత గడిచిన సమయం ఎంతో నాకు తెలియదు. చావు పలక మోగేవేళ వేటకెళ్లిన మనిషి నీళ్ల మీద ఉంటే అది అతన్ని పిలిచినట్టేనని మావాళ్ల నమ్మకం. ఎవరూ ఆ మాట పైకి అనలేదు, అందరూ అదే అనుకుంటున్నారని అందరికీ తెలుసు. ఈ మాస్టారి గొడవ మాకొద్దు, రేపు వేటకి వెళతామని మగవాళ్లు నాన్నకి చెప్పేశారు. నాన్న తల దించుకున్నాడు. తమ్ముడు రాకపోతే అక్క ఆ రేవులో మళ్లీ అడుగుపెట్టగలదా, బావ ఏ ముఖంతో బతుకుతాడు, ఇదే నా తలలో గిర్రున తిరుగుతోంది. దేవుళ్లందరికీ మొక్కాను. బాంబు మీద, బావ మీద, ఆ రోజున తిన్న లడ్డూ మీద కూడా కోపం వచ్చింది నాకు.

వెలుతురు పోయేవేళకి తెడ్లు వేసుకుంటూ వచ్చాడు వాడు. ఇంజను చెడిపోయిందట, అంతే. ఒడ్డున ఇంత మంది ఎందుకున్నారో తెలియక బిత్తరపోయి చూశాడు. పిన్ని నడుం లోతు నీళ్లలోకి వెళ్లి వాడి తల, భుజాలు, చేతులు తడిమింది. తరువాత వెనక్కి తిరిగి మగవాళ్లకేసి చూసి చెప్పింది.

"పలక మోగిపోనాది. మోగినాక ఎవరి మైలో ఒకరిది పట్టాల. ఆ జపానోళ్ల మైలే పడదాం. నేకపోతే అది నా కొడుకుని ఎతుక్కుంటాది. రేపు ఏ డోంగీ దిగడానికి నేదు, బస్."

మగవాళ్లు డోంగీల్ని ఇంకాస్త పైకి లాగి కట్టేశారు. ఆ రాత్రి ఎవరింట్లోనూ పొయ్యి వెలగలేదు. పిన్ని బావ ముందుకి వచ్చి, తడి చీర పిండుకుంటూ, "ఆల్లల్లో సిన్నపిల్లలున్నారా బాబూ?" అని అడిగింది. రెండు నెలలుగా అదే చెబుతూ తిరిగిన మనిషి, ఉన్నారని మాత్రం అని ఊరుకున్నాడు. ఆయన పాఠం చెప్పకుండా ఊరుకోవడం నేను చూడడం అదే మొదలు.

మర్నాడు మావాళ్ల ఆడవాళ్లు మామూలుగానే అబర్డీన్ బజారుకి వెళ్లారు. మైలలో చేపలు అమ్మరు గాని, చోటు పోతుందని ఖాళీ గంపలు ముందు పెట్టుకుని కూర్చుంటారు, అది వాళ్ల అలవాటు. నేను బడికి వెళుతూ అక్కడ ఆగాను. వాడుకగా కొనేవాళ్లు వచ్చి ఎవరు పోయారు దీదీ అని హిందీలో అడుగుతున్నారు. పిన్ని తన బజారు హిందీలో చెబుతోంది, జపానులో బాంబు పడిందనీ, ఇళ్లు కాలిపోయాయనీ, చిన్నపిల్లలు కూడా పోయారనీ, ఇప్పుడు మనవాళ్లూ అలాంటివే చేస్తున్నారనీ. బావ అంటించిన కాగితాలేవీ చెప్పలేనంత సూటిగా చెప్పింది. మిఠాయిలు పంచిన కొట్టాయన అది విని పెద్దగా నవ్వి, యాభై ఏళ్ల కిందటి చావుకి ఇప్పుడు మైలేమిటి దీదీ అన్నాడు.

పిన్నికి కోపం రాలేదు. తెలియని మనిషికి చెప్పినట్టు చెప్పింది.

"హమ్‌కో కల్ మాలూమ్ హువా, భయ్యా."

మాకు నిన్ననే తెలిసింది. మనలో ఎవరికైనా తెలిసిన సంగతే కదా, దూరదేశంలో పోయినవాళ్ల కబురు ఎప్పుడు అందితే మైల అప్పుడే మొదలవుతుంది. ఓడ కోసం ఎదురుచూస్తూ బతికిన మాకు అది మరీ తెలుసు. కొట్టాయన ఇక నవ్వలేదు. గంపల వరస పక్కనే ఇంకాసేపు నిలబడి వెళ్లిపోయాడు. పోలీసులు కూడా వచ్చి వాకబు చేశారు, మైల అంటే ఏం రాసుకోవాలో తెలియక తిరిగి వెళ్లారు.

బావ ఉద్యోగం పోలేదు. వానలు తగ్గేలోగా ఎక్కడో మధ్య అండమాన్‌లో ఉన్న రంగత్‌కి బదిలీ చేశారు, ఎందుకో చెప్పలేదు. దేశం బాంబులు మానుకోనూ లేదు. బావ చివరిదాకా దాన్ని ఓటమి అనే లెక్కవేశాడు, వాళ్లు బాంబుకి భయపడి ఆగలేదు, పలకకి భయపడి ఆగారు అనేవాడు. నేను ఆయనతో ఎన్నిసార్లు దెబ్బలాడానో. పిన్ని మొదట కొడుకు కోసమే ఆ మైల తెచ్చుకుంది, కాదనను. తెచ్చుకున్నాక మాత్రం అది నిజంగానే ఆమెదైంది. ఆ రోజంతా ఆమె ముద్ద ముట్టకపోవడం నేను కళ్లారా చూశాను.

పిన్ని లేదు, బావ లేడు. పలక కొట్టే చేతులూ పోయాయి, రేవు కబుర్లు ఇప్పుడు ఫోన్లోనే వస్తాయి. ప్రపంచంలో ఏ మూల బాంబు పడినా, పడుతుండగానే చూస్తున్నాను, రాళ్ల కిందనుంచి పిల్లల్ని తీయడం కూడా చూస్తున్నాను. పిన్నికి యాభై ఏళ్లు ఆలస్యంగా తెలిసింది, తెలిసిన రోజు ముద్ద దిగలేదు. నాకు అన్నీ అప్పటికప్పుడే తెలిసిపోతున్నాయి, చూస్తూనే మారు అన్నం వడ్డించుకుంటున్నాను.